చివరి గుంట దగ్గర

అరిజోనా ఎడారిలో రిసార్టు వాళ్ళ గోల్ఫ్ మైదానం అది. చివరి గుంట చుట్టూ నున్నగా కోసిన పచ్చికలో ముసలి భార్యాభర్తలిద్దరు నిలబడ్డారు. పక్కనే కొండ, వాళ్ళ మీద పడుతుందేమో అన్నంత దగ్గరగా ఉంది.

“ఇవాళ అన్ని బంతులూ ముళ్ళపొదల్లోకే కొట్టావేంటి?” అందామె.

“ఎండ కళ్ళల్లో పడింది.”

“ఎండ నీ వీపు మీదుంది.”

“ఎడారిలో పడ్డ బంతి ఎడారిదే. పాముల మధ్య ఎవరు వెతుకుతారు? వదిలెయ్.”

“వదిలేశా. ఇదొక్కటీ గుంటలోకి తోసెయ్, పోయి భోంచేద్దాం. నేల ఎడమకి వాలినట్టుంది, చూసుకో.”

“ఇక్కడ నేలని నమ్మితే మోసపోతాం. ఎటు వాలినట్టు కనిపించినా, బంతి కొండకి దూరంగానే దొర్లుతుంది.”

“తెలుసుగా, మరి కొట్టు.”

“కొడతా.”

“ఇంకా చూస్తావేం?”

“కొండ ఎటుందే?”

ఆమె కొండను చూసింది. ఆకాశంలో సగం అదే.

“ఎప్పట్నుంచి?”

“చలికాలం నుంచి. ఎండలో అంతా ఒకటే తెలుపు. కాళ్ళ దగ్గరి బంతి వరకే కంటికి ఆనుతుంది. చెబితే ఆట మాన్పిస్తావని చెప్పలేదు.”

“కొండ నీ ఎడం చేతి వైపుంది. నేను గుంటలో పాతిన జెండా పట్టుకుని అక్కడే మాట్లాడుతూ ఉంటా. నా గొంతుకి కాస్త ఎడమగా కొట్టు.”

“కొట్టేటప్పుడు పక్కవాళ్ళు మాట్లాడకూడదు.”

“పెళ్ళైన దగ్గర్నుంచీ ఆ మాటే చెప్పి నా నోరు మూయించావు.”

“అయితే ఇప్పుడు కాస్త గట్టిగా మాట్లాడు.”