ఒడ్డుకి నలభై మైళ్ళు

చేపల వేటకి అద్దెకిచ్చే బోటు. చుట్టూ ఎటు చూసినా నీళ్ళు. మామ, అల్లుడు, బోటు నడిపే సరంగు. పొద్దున పది దాటింది.

"మళ్ళీ ఆ ఫోనేనా అల్లుడుగారూ? చెయ్యి దారం మీద ఉంచండి. చేప లాగితే వేలికి తెలియాలి గానీ ఫోనుకేం తెలుస్తుంది?"

"ఒక్క గీత కూడా రావట్లేదు మామయ్యా. రేవు దాటేదాకా నాలుగున్నాయి."

"గీతలు రాకపోతే పోయె. చేపలొస్తాయి."

"ఏమయ్యా సరంగూ, ఇక్కడ సిగ్నల్ ఎక్కడ తగులుతుంది?"

"తగలదు బాబూ. పన్నెండు మైళ్ళు దాటితే ఏ కంపెనీదీ తగలదు. ఇది నలభై."

"పైకప్పు ఎక్కితే?"

"మొన్నొకాయన ఎక్కాడు. ఫోను నీళ్ళపాలు చేసుకుని దిగాడు."

"పదిన్నర కావస్తోంది. పదికి చెయ్యాల్సింది."

"ఎవరికండీ?"

"ఎవరికేంటి మామయ్యా, మీ అమ్మాయికే."

"ఇంట్లోనే ఉంటుందిగా."

"ఉంటుంది. ఉందని నాకు తెలియాలి కదా."

"అదిగో, దారం కదిలింది. లాగకండి, లాగకండి. మింగనివ్వండి. చెరువు చేప ఎరని రుచి చూసి వదిలేస్తుంది, దానికి అన్నీ అనుమానాలే. సముద్రం చేప అలా కాదు. పట్టిందంటే లోపలికి లాక్కుపోవడమే. ఆ మజా వేరు."

"మజా సరే. సాయంత్రం ఎన్నింటికి చేరతాం?"

"మొదటిసారి చెరువుకెళ్ళినప్పుడు గుర్తుందా? వానపాముని గాలానికి గుచ్చమంటే మీరు చేతికి రుమాలు చుట్టుకున్నారు."

"మామయ్యా, సాయంత్రం ఎన్నింటికి?"

"నేనైతే నీళ్ళ మీద బెండు వంక చూస్తూ లోకం మర్చిపోయేవాణ్ణి. అది బుడుంగుమని మునిగితే నా గుండె కూడా మునిగేది. నలభై ఏళ్ళు కుట్టుమిషను తొక్కాను, ఒక్కరోజన్నా అంత సంతోషం ఎరగను. నిజంగా చెబుతున్నాను."

"అడిగినదానికి తప్ప అన్నిటికీ చెబుతారు మీరు. సరంగూ, నువ్వన్నా చెప్పు. వెనక్కి ఎప్పుడు?"

"మంగళవారం బాబూ."

"ఇవాళ ఆదివారం."

"ఔను బాబూ. పెద్దాయన మూడు రోజులకి మాట్లాడారు. మంచుగడ్డలూ తాగే నీళ్ళూ అన్నీ ఆ లెక్కనే ఎక్కించాం."

"మామయ్యా?"

"ఒక్కరోజు వేట ఏం వేటండీ. రానూ పోనూకే సరి."

"సాయంత్రానికల్లా వచ్చేస్తాం అన్నారు నాతో."

"అన్నానా?"

"అన్నారు. మా గేటు దగ్గర నిలబడి అన్నారు. మీ అమ్మాయి కూడా వింది."

"వయసు మీద పడింది. ఏదో అనుంటాను."

"బోటు తిప్పవయ్యా."

"ఇప్పుడు తిప్పినా లాభం లేదు బాబూ. రేవు ముందర ఇసుక మేట వేసింది. పోటు మీదున్నప్పుడే లోపలికి పోవాలి. మనం చేరేసరికి నీళ్ళు తీసేసి ఉంటాయి. బోటు ఇసుకలో చతికిలబడుద్ది."

"అయితే రేపు పొద్దున పోటుకి పోదాం."

"దానికి పెద్దాయన చెప్పాలి. ముందు గాలం ఎవరేస్తే ఆ వేటకి వాళ్ళే పెద్ద. మా రేవులో అదే కట్టు. ఇద్దరు రెండు మాటలు చెబితే బోటు ఎటూ పోదు."

"ముందు గాలం వేసింది ఎవరు?"

"మీరింకా నిద్రలో ఉన్నారు బాబూ. పెద్దాయన లేచి వేసేశారు. ఎర కూడా పెట్టలేదు, నాకు నవ్వొచ్చింది."

"అల్లుడుగారూ, దారం. దారం చూడండి. పోతోంది, పోతోంది."

"అబ్బా. వేలు కోసుకుపోయేలా ఉంది మామయ్యా."

"వదలండి, కొంచెం వదలండి. ఇప్పుడు చుట్టండి. దాంతో పోట్లాడకండి, అలిసిపోనివ్వండి. ఏదీ, మళ్ళీ వదలండి."

"ఎంత బలం దీనికి. పడవనే లాగేస్తుందేమో."

"వంజరం బాబూ. మీ మొల దాకా ఉంటుంది. పైకి తెండి, నేను కొక్కెం వేస్తా. ఇదిగో. ఇదిగో వచ్చింది."

"చూశారా మామయ్యా. నేనే. నేనే పట్టాను."

"చూశాను. పావుగంట పట్టింది. ఈ పావుగంటా మీరు ఫోను వంక చూడలేదు. బాగుంది కదూ?"

"... పదకొండయిందా? సరంగూ, నీ దగ్గర వైర్‌లెస్ ఉందిగా. రేవుకి చెప్పించు. మా ఇంటికి ఫోన్ చేసి, ఎత్తిందో లేదో కనుక్కోమను."

"బోటు మునుగుతుంటేనే దాంట్లో మాట్లాడేది బాబూ. పెళ్ళాం ఫోనెత్తిందా అని అడిగితే రేవంతా నవ్వి చస్తారు."

"ఎత్తకపోతే ఏమవుతుంది అల్లుడుగారూ?"

"ఏమీ కాదు."

"మరి ఆ చెమటలేంటి?"

"ఎండ. మీకు తెలీదు మామయ్యా. నేను చేస్తాను, అది ఎత్తుతుంది. వీడియోలో గదులు చూపిస్తుంది, గుమ్మంలో చెప్పులు చూపిస్తుంది. రెండు నిమిషాల పని. దాని మంచికే. ఒంటరి ఆడది ఇంట్లో..."

"మీరుండగా ఒంటరిదెలా అయిందండీ?"

"మాటకి మాట వద్దు."

"లేదు లేదు. నేనూ చూశాను. చెరువు గట్టున మీ పక్కనే కూర్చునేవాణ్ణిగా. గంటకోసారి. పోయినేడు వానల్లో ఒకసారి గుమ్మంలో మగవాళ్ళ చెప్పులు కనబడ్డాయి మీకు."

"నాకు గుర్తులేదు."

"గాలం కర్ర గట్టున పడేసి బండెక్కారు. ఇరవై నిమిషాల్లో ఇంట్లో ఉన్నారు. నేను బస్సు పట్టుకుని వచ్చేసరికి తలుపు వేసుంది."

"ఇప్పుడెందుకు మామయ్యా అవన్నీ?"

"ఆ చెప్పులు నావి. ముందురోజు తడిశాయని అక్కడే ఆరబెట్టి పోయాను. అది లోపల్నుంచి చెబుతూనే ఉంది, నాన్నవి, నాన్నవి అని. వీధిలోకి వినబడుతోంది. నేను గేటు పట్టుకుని నిలబడ్డాను. తలుపు కొట్టలేదు. అల్లుడింటి తలుపు బాదితే నలుగురూ ఏమనుకుంటారోనని సిగ్గుపడ్డాను. ఆ సిగ్గు నన్ను ఇప్పటికీ తింటోంది."

"సరంగు వింటున్నాడు."

"నాకు ఇంజను చప్పుడు తప్ప ఏదీ వినబడదు బాబూ."

"ఇంజను ఆపేసే ఉందిగా."

"అందుకే ఏమీ వినబడట్లేదు."

"మొగుడూ పెళ్ళాలన్నాక సవాలక్ష ఉంటాయి మామయ్యా. తర్వాత నేను బతిమాలుకున్నాను కూడా."

"బతిమాలారు. మంచి జాకెట్టు గుడ్డ తెచ్చిచ్చారు. దాన్ని నేనే కుట్టాను. చేతులు పొడుగ్గా పెట్టు నాన్నా, మణికట్టు దాకా రావాలి అంది. ఇంత ఉక్కపోతలో అంత పొడుగెందుకమ్మా అని నేను అడగలేదు. కొలత రాసుకున్నాను."

"చెప్పిందా మీకు? నా మీద చెప్పిందా?"

"ఏం చెబుతుంది, గంటగంటకీ మీ ఫోనేగా. ఒక్కటే అడిగింది. ఆయన్ని సిగ్నల్ లేనిచోటికి తీసుకెళ్ళు నాన్నా అని."

"ఎప్పుడు?"

"ఆ వానల తర్వాతే. చెరువు దగ్గర నాలుగు గీతలొస్తాయని అప్పటికే తెలుసు. ఏటి వంపులోకి తీసుకెళ్ళాను, అక్కడా వచ్చాయి. డ్యామ్ దగ్గర అసలుండదని ఎవరో చెబితే నమ్మాను, తీరా పోతే గట్టు మీదే టవరు. ఇక మిగిలింది ఇదొక్కటే. ధైర్యం కూడగట్టుకోడానికి ఆరు నెలలు పట్టింది. నాకు ఈత రాదు."

"ఇప్పుడేం చేస్తోంది అది?"

"తెలీదు."

"ఎక్కడికి పోతోంది?"

"నాతో చెప్పొద్దన్నాను. నేను మెతక మనిషిని, మీరు గట్టిగా అడిగితే చెప్పేస్తాను."

"సరంగూ, ఇంజను వెయ్."

"పెద్దాయన చెప్పాలి బాబూ."

"నేను దూకేస్తా."

"మీ ఇష్టం. ఒడ్డు ఆ పక్క."

"మామయ్యా, మీ కాళ్ళు పట్టుకుంటాను. వెనక్కి పోనివ్వండి. నేనేమీ అనను, ఒట్టు. చూసుకుంటాను అంతే."

"కూర్చోండి. బోటు ఊగుతోంది."

"అబద్ధం చెబుతున్నారు మీరు. నన్ను భయపెడుతున్నారు. దానికున్నవి రెండు పెట్టెలు. పోయేదయితే ఒక్క పూటలో పోతుంది. దానికి మూడు రోజులెందుకు?"

"నేనూ అదే అడిగాను. సర్దుకోడానికి ఒక పూట చాలు నాన్నా, ముందు రెండు రోజులు ఫోన్ ఆపేసి నిద్రపోవాలి అంది."