ఏడో ఉక్కు గుండు

గుంటూరు, 2006 ఫిబ్రవరి, మధ్యాహ్నం. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రే గది. బల్ల మీద మత్తులో బోర్లా పడుకున్న రోగి, అతని నోట్లోంచి పేగులోకి దిగిన కెమెరా గొట్టం. దాన్ని పట్టుకుని డాక్టర్ రామకాంత్. ఎక్స్‌రే యంత్రం దగ్గర టెక్నీషియన్ సుభానీ.

"సుభానీ, తలుపుకి గడియ ఎందుకు పెట్టావు?"

"మీరు పని చూసుకోండి డాక్టరు గారూ."

"నస్రత్ సిస్టర్ ఇంజెక్షన్లు తేవడానికి వెళ్ళింది. ఎలా వస్తుంది?"

"రాదు."

"రాదంటే?"

"నేను రానివ్వను. తెర మీద అదేంటో చెప్పండి ముందు."

"ఏది?"

"లివర్ కింద. నల్లగా, గుండ్రంగా."

"రాయి."

"మీరింకా డై మందు ఎక్కించలేదు. అది ఎక్కించకుండా ఆ గొట్టంలో రాయి కనపడదు, ఇంత నల్లగా అసలే కనపడదు. ఆరేళ్ళ నుంచి మీ పక్కన నిలబడుతున్నాను. నాకు అబద్ధం చెప్పకండి."

"సరే, రాయి కాదు. లోహం. లివర్ నుంచి పసరు దిగే గొట్టంలో ఇరుక్కుంది. అందుకే కామెర్లు, అందుకే చలిజ్వరం. దానిపైన చీము నిలబడిపోయింది. బీపీ ఎనభైకి దిగింది. నేను డై ఎక్కిస్తాను, నువ్వు ఎక్స్‌రే పెడలు నొక్కు."

"నొక్కను."

"ఎందుకు నొక్కవు... ఏంటది చేతిలో?"

"కత్తి."

"కత్తా?"

"ఏప్రన్ల బీరువా వెనక పెట్టుకున్నాను. ఈ రోజు కోసమే. ఆ కెమెరా గొట్టం బయటికి లాగేసి పక్కకి జరగండి. మీతో నాకు పనిలేదు."

"గొట్టం లాగేస్తే సాయంత్రానికి పోతాడు."

"సాయంత్రం దాకా ఆగే ఓపిక నాకు లేదు."

"సుభానీ, వాడికీ నీకూ ఏముంది? కొత్తపట్నంలో చేపలమ్ముకునే మనిషి. పేరు షఫీక్. బయట వాడి భార్య కూర్చుంది."

"కూర్చోనివ్వండి. జరగండి."

"జరగను."

"జరగమన్నానా."

"చెయ్యి దించు, చెయ్యి... అబ్బా."

"అడ్డం రావద్దంటే ఎందుకు వచ్చారు? తెగిందా?"

"తెగింది. మోచేతి కింద."

"రక్తం బాగా కారుతోంది. కట్టుకోండి."

"ఏ చేత్తో కట్టుకోను? రెండు చేతులూ గొట్టం మీదే ఉన్నాయి. వదిలితే లోపల పేగు చిరుగుతుంది. నువ్వు కట్టు."

"నేనా?"

"కోసింది నువ్వేగా. ఆ గాజుగుడ్డ తీసుకో. గట్టిగా. ఇంకా గట్టిగా. కత్తి నోట్లో పెట్టుకుని కట్టు కట్టేవాణ్ణి నిన్నే చూస్తున్నాను."

"నవ్వకండి డాక్టరు గారూ. నవ్వు వచ్చే పని కాదు ఇది."

"నాకూ రావడం లేదు. చెప్పు. ఎవడు వీడు?"

"మా నాయన్ని చంపినవాడు."

"పేరు తెలుసా? మొహం తెలుసా?"

"పేరు తెలీదు, మొహం తెలీదు. లోపల ఉన్న ఆ గుండు తెలుసు. ఎంత సైజు ఉంటుంది అది?"

"తెర మీద కొలిస్తే ఆరు మిల్లీమీటర్ల పైన."

"పావంగుళం. సైకిలు వెనక చక్రం గుండు. మాది పొదిలి. నాకు సైకిలు షాపు ఉండేది. మా నాయన జాన్ బాషాకి నాటు తుపాకీ ఉండేది, చేలో పందుల్ని బెదరగొట్టడానికి. సీసం గుండ్లు కొనే డబ్బెక్కడిది, షాపులోంచి ఉక్కు గుండ్లు నేనే తీసుకెళ్ళేవాణ్ణి. ఆ వారం తుపాకీలో మందు దట్టించి ఏడు గుండ్లు పోసింది నేనే. ఈ చేతులతో."

"ఆ వారం ఏం జరిగింది?"

"తొంభై ఎనిమిది మార్చి. పొద్దున ఏడింటికి మిరప కళ్ళంలో నాయన తల గొడ్డలితో రెండుగా చీల్చారు. ఎండు మిరపకాయల మీద పడి ఉన్నాడు. ఏది కాయో ఏది రక్తమో తెలియలేదు నాకు. తుపాకీ చేతిలోనే ఉంది. పేలింది. ఆరు గుండ్లు పక్కన తుమ్మ మొద్దులో దొరికాయి. నేనే ఉలితో తవ్వి తీశాను. ఏడోది దొరకలేదు."

"అది వీడి ఒంట్లో ఉందంటావు."

"పోలీసులు వారం రోజులు తిరిగి వదిలేశారు. మా చిన్నాయన వదల్లేదు. గౌస్ బాషా చిన్నాయన. 'ఒరేయ్ సుభానీ, ఆ గుండు ఎవడి ఒంట్లో ఉందో వాడే హంతకుడు, అది ఎప్పటికైనా ఎక్స్‌రేలో బయటపడుతుంది' అన్నాడు. షాపు అమ్మించి, ఫీజు తనే కట్టి నన్ను ఈ కోర్సు చదివించాడు. ఒంగోల్లో ఏడాది, ఇక్కడ ఆరేళ్ళు. ఎన్ని వేల ఫిల్ములు చూశానో. దగ్గుకి వచ్చినవాడు, చెయ్యి విరిగినవాడు, ఎవడొచ్చినా ముందు గుండు కోసమే చూశాను. మీరు అడిగేవాళ్ళు, ఈ పనంటే నీకింత శ్రద్ధ ఏంట్రా అని."

"అడిగాను. ఇందాక తెర చూడగానే మూలకెళ్ళి ఫోన్ చేశావు, ఎవరికి?"

"చిన్నాయనకి. మిర్చి యార్డుకి టిక్కీ బస్తాలు తెచ్చాడు ఇవాళ. బయల్దేరాడు."

"ఏమన్నాడు?"

"వాడు నోరు తెరవకముందే కానిచ్చెయ్ అన్నాడు."

"మరి కానిచ్చేస్తే, అది సైకిలు గుండు కాకపోతే?"

"కాకపోవడం ఏంటి? కనపడుతుంటే."

"కనపడేది నల్లచుక్క. సీసమైనా అంతే, ఉక్కైనా అంతే. కొత్తపట్నంలో కొంగలు కొట్టేవాళ్ళ తుపాకీలో సీసం పోస్తారు. పొరపాటున తగిలి ఉండొచ్చు. ఎనిమిదేళ్ళు వెతికి తప్పుడు మనిషి గొంతు కోస్తావా?"

"మాటల్తో ఆపుతున్నారు నన్ను."

"ఆపడం లేదు. గుండు తీసి నీ చేతిలో పెడతానంటున్నాను. చూసుకో. నీ తాళాల గుత్తికి ఏదో అయస్కాంతం ఉంటుంది కదా?"

"డైనమో అయస్కాంతం."

"ఉక్కయితే అంటుకుంటుంది, సీసమైతే అంటుకోదు. పెడలు నొక్కు."

"తీశాక అడ్డం రారుగా?"

"తెగిన చెయ్యి ఇది. ఏం అడ్డం వస్తాను? నొక్కు. తెర మీద వెలుగు కావాలి నాకు."

"నొక్కాను."

"అలాగే ఉంచు. డై ఎక్కుతోంది. చూడు, చెట్టు కొమ్మల్లా లివర్ అంతా పరుచుకుంటోంది. గుండు దగ్గర ఆగిపోయింది. ఇప్పుడు పసరు గొట్టం మూతి కొంచెం కోస్తాను."

"మీరూ కోస్తున్నారు."

"అవును, నాలుగు మిల్లీమీటర్లు. మనిషి బతకడానికి. చీము చూడు ఎలా తన్నుకొస్తోందో. ఇక చివర బుట్టలా తెరుచుకునే తీగ పంపుతున్నాను. పెడలు వదలకు. గుండు దాటింది. తెరుచుకుంది బుట్ట."

"పట్టుకుందా?"

"జారింది."

"ఆడుకుంటున్నారా నాతో? చిన్నాయన వచ్చేస్తాడు."

"నా వేళ్ళకి రక్తం అంటుకుని జారుతోంది, నీ పుణ్యమా అని. మళ్ళీ నొక్కు. ఇప్పుడు పట్టుకుంది. వస్తోంది. వస్తోంది. ఆఁ."

"ఏదీ?"

"కెమెరా గొట్టంతో పాటు బయటికి తెస్తున్నాను. నోరు తెరిచి ఉంచే బిళ్ళ కూడా తీస్తాను, ఊపిరి ఆడాలి. అదిగో, ట్రేలో పడింది. కడుక్కుని చూసుకో."

"కడిగాను. అయస్కాంతం దగ్గర పెడుతున్నా."

"ఏమైంది?"

"అంటుకుంది."

"సరిగ్గా చూశావా?"

"అయస్కాంతం తిరగేసినా పడటం లేదు. పావంగుళం ఉక్కు. మా షాపు గుండే డాక్టరు గారూ. ఎనిమిదేళ్ళు. ఇక జరగండి."

"సుభానీ, ఒక్క నిమిషం."

"అడ్డం రానన్నారు."

"రావడం లేదు. నువ్వే ఇటు రా. పొడిచేముందు వాడి వీపు చూడు. బోర్లా ఉన్నాడు, గౌను విప్పే ఉంది. కుడి డొక్క పైన, పక్కటెముకల సందున. ఆ మచ్చ ఏంటి?"

"గుండు దిగిన మచ్చ."

"ముందువైపు ఏ మచ్చా లేదు. పొద్దున నేనే పరీక్ష చేశాను. వెనక నుంచి లివర్లోకి దిగి ఇన్నేళ్ళు అక్కడే ఉండి, మెల్లగా జారి పసరు గొట్టంలో పడింది."

"అయితే? వీపులో తగిలిందని నాకెప్పుడో తెలుసు. పారిపోతుంటే నాయన కాల్చాడు. చిన్నాయన చెప్పాడు."

"తల రెండుగా చీలినవాడు ఎలా కాలుస్తాడు?"

"ఏంటి?"

"గొడ్డలి దెబ్బ తిన్నాక మీ నాయన తుపాకీ ఎత్తలేడు. అంటే కాల్చింది దెబ్బకి ముందు. చంపడానికి వచ్చినవాడు, ఇంకా చంపకముందే, ఎదురుగా తుపాకీ ఉంటే, వీపు చూపించి నిలబడతాడా?"

"భయపడి తిరిగి ఉంటాడు."

"అది ఒక్కసారే పేలే తుపాకీ. పేలిపోయింది. వీపులో తగిలినవాడు కుంటుకుంటూ వెనక్కి వచ్చి గొడ్డలెత్తాడా? వీడు మీ నాయనకి వీపు పెట్టి నిలబడ్డాడు సుభానీ. ఆయనకి అడ్డంగా. వీడి మొహం ఇంకెవరివైపో ఉంది."

"ఎవరివైపు?"

"నాకెలా తెలుస్తుంది. ఆ పొద్దున మీ చిన్నాయన ఎక్కడున్నాడు?"

"పొదిల్లో. పురుగుమందుల కొట్టు దగ్గర. నేను కబురు పెడితే వచ్చాడు."

"వచ్చేసరికి కళ్ళంలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనూ, నాయన శవమూ."

"మరి గుండు వీపులో తగిలిందని ఆయనకి ఎవరు చెప్పారు?"

"ఊహించి అని ఉంటాడు."

"ఊహా? వీపులో అని ఎప్పుడన్నాడు?"

"ఆ రోజే. శవం లేపకముందే. 'వీపులో దెబ్బతిన్నవాణ్ణి వెతకండి' అని పోలీసులకి కూడా... వద్దు డాక్టరు గారూ. ఆయన మాట ఎత్తొద్దు. నాకు అన్నం పెట్టాడు. నన్ను చదివించాడు."

"చదివించాడు. ఒంట్లో గుండున్న మనిషిని నీ చేత వెతికించాడు. ఇవాళ దొరికితే నోరు తెరవకముందే చంపమన్నాడు. హంతకుడు దొరికితే, ఎందుకు చంపావురా అని అడగాలనిపించదా సొంత తమ్ముడికి? ఆ పొలం ఇప్పుడు ఎవరు చేస్తున్నారు?"

"కత్తి మీ మీదకి వస్తుంది, చెప్తున్నా."

"రానివ్వు. పొలం ఎవరిది ఇప్పుడు?"

"చిన్నాయన... నాకు వ్యవసాయం రాదని తనే..."

"కొట్టొద్దు."

"ఎవరది? డాక్టరు గారూ, మీరా?"

"నేను కాదు. వీడే. మత్తు దిగుతోంది. కళ్ళు ఇంకా తెరవలేదు."

"కొట్టొద్దు... అయ్యా, కొట్టొద్దు..."

"ఏమంటున్నాడు?"

"జ్వరంలో ఏదో కలవరింత. దగ్గరికి వంగి విను. కత్తి పక్కన పెట్టి విను."

"గొడ్డలి వదులు గౌసన్నా... నీ సొంత అన్న... వదులు..."

"ఏయ్. ఏయ్ షఫీక్. నువ్వెవరు? పొదిలి ఎందుకొచ్చావు?"

"కోతకి... మిరప కోతకి వచ్చిన కూలీని... జాన్ బాషా అయ్యా, కాల్చొద్దు, నేను అడ్డం ఉన్నా... నేను పట్టుకున్నా గౌసన్నని... కాల్చొద్దు... పారిపోవాలి, గౌసన్న నన్నూ చంపేస్తాడు..."

"గుండ్లు నేను పోశాను డాక్టరు గారూ. ఈ మనిషి మా నాయనకి అడ్డం నిలబడితే, నేను పోసిన గుండు వీడి వీపులో దిగింది. నాయన్ని కాపాడే ఒక్క మనిషిని పడగొట్టింది నేనే."

"తప్పు నీది కాదు. కూర్చో. పోలీసులకి నేను ఫోన్ చేస్తాను. ఆ కత్తి ఇలా ఇవ్వు."

"ఒరేయ్ సుభానీ. తలుపు తియ్యరా. నేనే, గౌస్ చిన్నాయన్ని."

"సుభానీ, గడియ ముట్టుకోకు. సెక్యూరిటీని పిలుస్తాను."

"వినపడుతోందా? అయిపోయిందా పని?"

"కత్తి ఇవ్వను డాక్టరు గారూ. బల్ల గోడవైపు లాగండి. మీరు షఫీక్‌కి అడ్డంగా నిలబడండి. మళ్ళీ వీడి ఒంటి మీద దెబ్బ పడకూడదు."

"సుభానీ, వద్దు. నా మాట విను."

"ఏంట్రా మాట్లాడవు? వాడు ఏమన్నా నోరు తెరిచాడా?"

"లేదు చిన్నాయనా. ఒక్క ముక్క మాట్లాడలేదు. గడియ తీస్తున్నా, లోపలికి రా."