రేడియోని ఎత్తుకెళ్ళింది నేనే

నా పేరు మీరు పైన రాసుకున్నారు. అందరూ జిప్పులక్క అంటారు, మీరూ అలాగే పిలవొచ్చు. వయసు యాభై రెండు. వృత్తి టైలరు; పొడుగు పాంట్లు పొట్టి చేస్తాను, ఊడిన జిప్పులు వేస్తాను. కిడ్నీలు రెండూ మూలపడ్డాయి కాబట్టి ఆరేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నాను. ఈ మాటలు ఎవరి బలవంతం మీదా చెప్పడం లేదు. నన్ను బలవంతపెట్టగల మనిషి ఇంకా పుట్టలేదని మా ఆయన అంటుంటాడు, కావాలంటే అదీ రాసుకోండి.

బుధవారం మధ్యాహ్నం నేను, మా మరిది, మా తోడికోడలు కలిసి ఒక మనిషిని అతని ఇంట్లోంచి ఎత్తుకెళ్ళామని ఫిర్యాదు. నిజమే, ఎత్తుకెళ్ళాం. ఎందుకో చెబుతాను.

ఆ మనిషిని మేము రేడియో అంటాం, నోరు మూయడు కాబట్టి. డయాలసిస్ గదిలో కిటికీ వైపు వరసలో నా పక్క కుర్చీ అతనిది. మిషన్ రక్తం కడిగినంతసేపూ పాడతాడు, లేదంటే వాదిస్తాడు. వాన పడుతుందని నేనంటే పడదంటాడు, పడ్డాక అది వానే కాదంటాడు. అతనంటే నాకు ఒళ్ళు మంట. ముందే చెబుతున్నాను, తర్వాత మీరింకేదో అనుకునేరు.

ఆమధ్య రక్తపరీక్షలో అతనికి హెపటైటిస్ సి అని వచ్చింది. అది లివర్‌ని పట్టే వైరస్. ఒకరి రక్తంలోంచి ఇంకొకరి రక్తంలోకి పాకుతుంది. తర్వాత మా వరసలోనే ఇంకో ఇద్దరికి వచ్చింది. రేడియో అందరికంటే చివర్లో చేరినవాడు. కొత్తవాడు, పైగా వాగుడుకాయ. ఇంకేముంది, తెచ్చింది ఇతనేనని తేల్చేశాం.

సిస్టరమ్మ అతన్ని మూలనున్న మిషన్‌కి మార్చింది. అది పద్ధతే, తప్పు పట్టను. మిగతాదంతా మా వరస చేసిన పని. అతని మంచినీళ్ళ గ్లాసుకి ఎర్రదారం కట్టారు. అతను చదివిన పేపరు ఎవరూ ముట్టుకోలేదు. మాలో పెద్దవాడైన మాస్టారు, "చల్లగా ఉన్న కొంపలో నిప్పు పెట్టావు కదయ్యా" అన్నారు. ఆ రోజు రేడియో పాడలేదు. హమ్మయ్య అనుకున్నాను. తర్వాతి వంతులోనూ పాడలేదు. అప్పుడు మాత్రం నాకేమీ తోచలేదు. ఆ తర్వాత అతను రావడమే మానేశాడు. వేరే సెంటర్‌కి మారానని సిస్టరమ్మకి ఫోన్ చేశాడట.

జబ్బు ఎలా పాకిందో కనిపెట్టడానికి ఒక డాక్టరమ్మ వచ్చింది. పళ్ళు ఎక్కడ పీకించుకున్నారు, సూదులు ఎక్కడ వేయించుకున్నారు అని మొదట అందర్నీ అడిగింది. మేము "రేడియోని అడగండి" అన్నాం. అడిగి అడిగి విసిగి, ఒక స్టూలు వేసుకుని ఊరికే చూస్తూ కూర్చుంది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డయాలసిస్ అయ్యాక చేతిలోంచి లావుపాటి సూదులు తీస్తారు. రక్తం ఆగేదాకా ఆ చోట గట్టిగా అదిమిపెట్టాలి. గోడ వైపు వరసకి సిస్టరమ్మే కొత్త దూదీ ప్లాస్టరూ వేస్తుంది. మా కిటికీ వరసకి మాత్రం రోషం ఎక్కువ. మా పని మేమే చేసుకుంటాం. మాకు ఒక సాగే పట్టీ ఉండేది. ముందు అయినవాళ్ళు చేతికి బిగించుకుని, రక్తం ఆగాక విప్పి పక్కవాళ్ళకి ఇచ్చేవాళ్ళు.

ఆ పట్టీ మాస్టారి చేతి నుంచి పక్క చేతికి వెళ్తుండగా డాక్టరమ్మ లేచి నిలబడింది.

"ఈ పట్టీ ఎవరిది?"

"అందరిదీనమ్మా," అన్నారు మాస్టారు గర్వంగా.

"గ్లాసులు వేరు, పట్టీ ఒకటేనా?"

జబ్బు అంటుకోవడానికి కళ్ళకి కనిపించని చిన్న రక్తపు మరకైనా చాలట. ఆవిడ చేతికి గ్లవ్స్ వేసుకుని పట్టీని సంచిలో పెట్టుకుంది. మా అందరి రక్తమూ మళ్ళీ తీయించింది.

బుధవారం నేను సెంటర్‌కి వెళ్ళేసరికి ఆవిడ ఫలితాలతో వచ్చి ఉంది. రేడియో చేరిన రోజున తీసిన పరీక్షలో అతని రక్తం శుభ్రంగా ఉందట. అతను తేలేదు, మా దగ్గరే అంటుకుంది.

"మరి మొదట ఎవరికుందమ్మా?" అన్నారు మాస్టారు.

"చెప్పను. చెబితే ఇంకో గ్లాసుకి దారం కడతారు."

ఈసారి నాకూ వచ్చిందట. మూడు నెలలు మాత్రలు వేసుకుంటే పోతుందంది. ఇన్నేళ్ళుగా గుప్పెళ్ళు గుప్పెళ్ళు మింగుతున్నాను, ఇంకోటి నాకో లెక్కా! ఈ సంగతి రేడియోకి చెబుదామని అతను మారానన్న సెంటర్‌కి డాక్టరమ్మ ఫోన్ చేసింది. అలాంటి మనిషి ఇక్కడికి రాలేదన్నారు.

అంటే డయాలసిస్ లేకుండా అప్పటికి వారం దాటింది. మాలాంటివాళ్ళకి ఒంట్లో నీరు చేరుతుంది, రక్తంలో లవణాలు పేరుకుంటాయి, గుండె చెప్పాపెట్టకుండా ఆగిపోతుంది. సిస్టరమ్మ ఎన్నిసార్లు చేసినా అతను ఫోన్ ఎత్తలేదు. అంబులెన్సు రావడానికి ఆలస్యమవుతుందన్నారు. నా వంతుకి ఇంకా టైముంది. మా మరిది బేకరీ వ్యాన్ నడుపుతాడు. వ్యాన్ తెప్పించాను, మా తోడికోడల్ని కూడా రమ్మన్నాను. ఆవిడ పిండి బస్తా ఒంటిచేత్తో లేపుతుంది.

రేడియో తలుపు తీశాడు. మొహం ఉబ్బి కళ్ళు పూడిపోయాయి. కాళ్ళు చెప్పుల్లో పట్టడం లేదు. వంతు ఉన్న రోజల్లా సంచి పట్టుకుని డయాలసిస్‌కని బయల్దేరి పార్కులో కూర్చుని వస్తున్నాడట. ఇంట్లో ఉండే తమ్ముడికే తెలియదు.

"ఎందుకొచ్చావు? నా గ్లాసు తెచ్చావా?" అన్నాడు.

"నిన్ను తీసుకెళ్ళడానికొచ్చాను. పద."

"రాను. నావల్ల ఇంకొకరికి అంటుకుంటే ఆ పాపం నాకొద్దు."

"నీ మొహం! నువ్వు తేలేదు. మేమే నీకు అంటించాం."

"ఓదార్చడానికి అబద్ధాలాడకు."

చావబోతూ కూడా వాదనే! గుమ్మం పట్టుకుని వదల్లేదు. మా తోడికోడలు ఒక్కో వేలూ విడదీసింది. ముగ్గురం ఎత్తి బ్రెడ్డు ట్రేల మధ్య పడుకోబెట్టాం. "దొంగలు! కాపాడండి!" అని అతను అరిచిన మాట నిజం. చుట్టుపక్కలవాళ్ళు చూసింది అదే.

సగం దారిలో అరుపు ఆగిపోయింది. ఊపిరి అందడం లేదు. నాకు అంత భయం ఎప్పుడూ వేయలేదు. అతని రెండు చేతులూ పట్టుకుని, "అరవరా నాయనా, తిట్టు, నన్ను నోటికొచ్చినట్టు తిట్టు" అని ఏడ్చాను. ఏదో గొణిగాడు. తిట్టే అయ్యుంటుందని సంతోషించాను.

సెంటర్‌లో ఆరుగురు కలిసి దింపుకున్నారు. అందులో మాస్టారూ ఉన్నారు. మిషన్ పెట్టిన రెండో గంటకి రేడియో కళ్ళు తెరిచి, బ్రెడ్డు మాడిన వాసన వస్తోంది, మీ మరిదికి పని రాదన్నాడు. మా గదంతా నవ్వింది. మాస్టారు మాత్రం అతని కాళ్ళ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకున్నారు.

సాయంత్రం తమ్ముడు ఇంటికొచ్చి అన్నయ్య కనపడక ఫిర్యాదు చేశాడు. అతని తప్పేమీ లేదు. నేనైనా అదే చేసేదాన్ని.

మళ్ళీ ఇలా చేయనని రాసివ్వమంటున్నారు. రాయను సార్. అతను ఇంకోసారి ఎగ్గొడితే ఇంకోసారి ఎత్తుకొస్తాను. ఇప్పుడైనా త్వరగా కానివ్వండి. ఇవాళ మా ఇద్దరికీ డయాలసిస్ ఉంది. బయట వ్యాన్ హారన్ అదేపనిగా మోగిస్తున్నది రేడియోనే. టైముకి రాకపోతే నన్నే ఎత్తుకుపోతానని గుమ్మంలోంచి రెండుసార్లు అరిచాడు, మీరూ విన్నారు.

పై మాటలు చదివించుకుని విన్నాను. అన్నీ నిజాలే, ఒక్కటీ మార్చనక్కర్లేదు. ఎడమ చెయ్యి డయాలసిస్‌ది కాబట్టి కుడి బొటనవేలి ముద్ర వేస్తున్నాను. సంతకం వచ్చు. పేరు పొడుగు, అతను ఆగడు.

(కుడి బొటనవేలి ముద్ర)