అక్క పేరు మీద కారు

అది కాదు మేడం, మీరు మళ్ళీ మొదటికే వస్తున్నారు. కారు మా అక్క పేరు మీద ఉంది. నిజమే, కాగితం అబద్ధం చెప్పట్లేదు. కానీ కారు మా అక్కది కాదు. ఈ రెండూ ఎలా కుదురుతాయంటారా? అది చెప్దామనే కదా పొద్దుట్నుంచీ మీ రేషన్ ఆఫీసు లైన్లో నిలబడింది.

నా పేరు బదావీ. కాలవ అవతల పల్లెలో బడి ఉంది చూశారూ, అందులో స్టోర్ కీపర్ని. జీతం సంగతి మీకు చెప్పేదేముంది, మీదీ సర్కారు జీతమే. అందుకని రోజూ ఈ దికిర్నిస్ టౌను నుంచి నలుగురు టీచరమ్మల్ని నా కార్లో బడికి తీసుకెళ్తాను. నెలకింతని ఇస్తారు. ఇల్లు నడిచేది దాని మీదే.

పాత కారు నూటిరవై ఎనిమిది మోడలు. మా పెద్దాడి కన్నా వయసులో పెద్దది. వేసవొస్తే పొగలు కక్కేది, చలికాలం ముసలాళ్ళలా దగ్గేది. పెట్రోలు తాగడమా, పెళ్ళివారింట షర్బత్ తాగినట్టు తాగేది. మెకానిక్ హిందావీ ఉన్నాడు చూశారూ, పండక్కి వాడి పిల్లలకి కొత్త బట్టలు కొనిపెట్టేది నేనేనని ఊళ్ళో వేళాకోళం.

ఓ రోజు కాలవ గట్టు మీద ఆగిపోయింది. టీచరమ్మలు నలుగురూ దిగి తోశారు. లెక్కల టీచరు సుహైర్ గారి చెప్పు బురదలో ఇరుక్కుపోయింది. ఆవిడ అరిచినా బాగుండేది. మర్యాదగా, "బదావీ గారూ, వచ్చే నెల నుంచి మేం వేరే బండి చూసుకుంటాం" అంది.

అప్పుడు మొదలుపెట్టాను లెక్కలు. టీ కొట్లో కూర్చుని నేనూ, మా షుక్రీ. చిన్నప్పటి స్నేహితుడులెండి. కొత్తదైతే పెట్రోలు సగం. హిందావీ మొహం చూడక్కర్లేదు. కానీ వాయిదాలు, ఇన్సూరెన్సు, లైసెన్సు ఫీజు. సర్వీసింగు కంపెనీ వాళ్ళ దగ్గరే చేయించాలి, ఆయిలు కూడా వాళ్ళదే పొయ్యాలి, లేకపోతే గ్యారంటీ లేదంటారు. పాతదైతే వాయిదాల్లేవు, రోజుకో రోగం. ముందు చూస్తే నుయ్యి, వెనక చూస్తే గొయ్యి.

ఎలాగో కొత్తదాని వైపు మొగ్గాం. అప్పుడు షుక్రీ అన్నాడు, "ఒరే, కొత్త మోడలు కారు నీ పేరు మీద కనబడిందంటే రేషన్ కార్డు కొట్టేస్తారు. రొట్టె, నూనె, పంచదార, అన్నీ పోతాయి" అని. మా ఇంట్లో ఐదుగురం మేడం. బజార్లో కొని రొట్టె తినగలమా?

"ఎవరి పేరు మీదైనా పెట్టు, ఊరంతా చేసేదదే" అన్నాడు వాడే. "మీ నజీహా అక్క ఉందిగా. మొగుడు పోయిన మనిషి. ఆవిడ జోలికి ఎవరొస్తారు?"

నవ్వకండి మేడం. విధవరాలి పేరు చూసి కంప్యూటరు కూడా జాలిపడుతుందనుకున్నాం. తూకంలో అన్నీ వేశాను. టైర్లు వేశాను, వైపర్లు వేశాను, మా ఇంటి రొట్టె వేశాను. అక్క ఇంటి రొట్టె వెయ్యలేదు. ఆవిడకీ ముగ్గురు పిల్లలున్నారు, ఆవిడదీ రేషన్ కార్డేనన్న ఊసే తట్టలేదు. బుద్ధి గడ్డి తింది.

పాత కారా? ఎక్కడికి పోయింది, హిందావీయే కొనుక్కున్నాడు, అడ్డికి పావుశేరు. ఇప్పుడు శుభ్రంగా తిరుగుతోంది. రోజూ కాలవ గట్టు మీద నాకు ఎదురొచ్చి హారన్ కొడతాడు వెధవ. పోనివ్వండి.

అక్క దగ్గరికి కాగితాలు తీసుకెళ్ళాను. "అక్కా, ఒక సంతకం పెట్టాలే" అన్నాను. చెబుదామనే వెళ్ళాను మేడం, నమ్మండి. పేరు నీది, కారు నాది అని చెప్పడానికి ఎంతసేపు? కానీ అక్క ఆరో క్లాసు దాకా చదువుకుంది. సంతకం పెట్టేముందు ప్రతి ముక్కా చదువుతుంది. వేలు పెట్టి చదువుతూ, తన పేరు దగ్గర ఆగింది. నజీహా అని పైకి చదివింది. తండ్రి పేరుతో సహా ఇంకోసారి చదివింది.

తరవాత నా తల పట్టుకుని నుదుటి మీద ముద్దుపెట్టుకుంది. "నాన్న పొలంలో నా వాటా నాకు తిరిగొచ్చిందిరా తమ్ముడూ. నేనడక్కుండానే ఇచ్చావు" అంది.

మీరూ ఈ వైపు వారేగా. నాన్నలు పోయినప్పుడు ఆడపిల్లలు వాటా అడిగితే ఏమంటారో మీకు తెలుసు. అన్నదమ్ముల నోట్లో మట్టి కొట్టిందంటారు. అక్క అడగలేదు. పొలం అమ్మాం. నా పాత కారు వచ్చింది ఆ డబ్బుల్లోంచే.

ఇప్పుడు చెప్పండి, ఆ మాటన్న మనిషితో "కాదక్కా, ఉత్త పేరే" అని మీరైతే అనగలరా? రేపు చెప్దాం, ఎల్లుండి చెప్దాం అనుకున్నాను. సాయంత్రానికి వీధంతా ఎర్ర షర్బత్ పంచిపెట్టేసింది. మిద్దె మీద పెంచుకునే బాతుని కోయించి, ఆ నెత్తుట్లో అరచెయ్యి ముంచి కారు తలుపు మీద అద్దింది, దిష్టి తగలకుండా. ఆ చెయ్యి ఇంకా అలాగే ఉంది. సుహైర్ గారు చూసి ముక్కు మూసుకుంటుంది. కడగనివ్వదు మా అక్క.

డ్రైవింగా? సైకిలు కూడా తొక్కదు. రోజూ తెల్లారి ముందు మా గుమ్మంలోకొచ్చి కారు తుడుస్తుంది. తుడిచి, "ఒరేయ్ బదావీ, మెల్లిగా నడుపు. ఇంకా కొత్తది" అంటుంది. నేను "అలాగే అక్కా" అంటాను. నా కారుకి నేను డ్రైవర్నయ్యాను.

రొట్టె పోయిన సంగతి ఆవిడకి తెలీదు. అదే మేడం నా బాధ. బావ పోయినప్పట్నుంచీ రెండు కార్డులూ నేనే పట్టుకెళ్ళి రెండిళ్ళకీ రొట్టె తెస్తాను. ఓ రోజు రొట్టెల బట్టీ దగ్గర ఆవిడ కార్డు మిషన్లో పెడితే ఎర్రలైటు వెలిగింది. బట్టీవాడు "మీ అక్క గొప్పింటి దొరసానమ్మయిపోయింది, కారుందంట" అని అందరిముందూ నవ్వాడు. మా రొట్టెల్లోంచే సగం తీసి అక్క గుమ్మంలో పెట్టి వచ్చాను.

ఆ రోజు నుంచీ అదే. ముగ్గురు పిల్లలు, ఎదిగే వయసు, తినకుండా ఉంటారా?

మా ఇంట్లో మాత్రం దాగుతుందా. ఇన్సాఫ్, అదే, మా ఇంటావిడ, ఊరుకుని ఊరుకుని మొన్న అడిగేసింది. చెప్పాను. అరుస్తుందనుకున్నాను. చిన్నాడి కంచంలో మకరోనీ వేస్తూ, "కొత్త కారు పెట్రోలు తక్కువ తాగుతుందన్నావు కదయ్యా. నిజమే. ఇది రొట్టెలు తింటుంది" అంది. అని, "రంజాన్ వస్తోంది. అప్పటిదాకా చూస్తాను. తరవాత నేనే మీ అక్కకి చెప్తాను" అంది. దాని తప్పు లేదు. దాని పిల్లలు దానికుండరా.

అందుకని వచ్చాను మేడం. కారు నాదేనని రాసిస్తాను, మా అక్క కార్డు బాగుచెయ్యండి. నా కార్డు కొట్టేస్తారా, కొట్టెయ్యండి.

ఏంటీ? నేను రాసిస్తే చెల్లదా. ఆవిడే రాసివ్వాలా. ఈ కారు నాది కాదు, నా తమ్ముడిది, నాకే హక్కూ లేదు అని. ఇక్కడ, మీ ఎదురుగా. పోనీ కారు నా పేరుకి మార్చుకుంటే? దానికీ ఆవిడ సంతకమేనా.

అమ్మేస్తేనో? వాయిదాలున్నాయి. పైగా ఆవిడ కారు నేనెలా అమ్ముతాను.

ఆవిడ ఎక్కడుందంటారా. ఇక్కడే ఉంది. ఆ కిటికీలోంచి చూడండి, వేపచెట్టు కింద. ముందు సీట్లో ఆ నల్ల ముసుగావిడ. మా పిల్లల కార్డు పనుందని చెప్పి బయల్దేరుతుంటే, "నా కారుండగా నేనెందుకు రాకూడదు?" అని ఎక్కేసింది. చూశారా, మీ లైన్లో నిలబడలేక ఒక ముసలమ్మ పక్కకొస్తే తలుపు తీసి లోపల కూర్చోబెట్టుకుంది. నీళ్ళిస్తోంది. చేత్తో డ్యాష్‌బోర్డు చూపిస్తోంది. తమ్ముడి సంగతి చెప్తోంది కాబోలు.

నేను పిలవలేను మేడం. ఆ వరండా దాటి, ఆ తలుపు తీసి, "అక్కా, లోపలికొచ్చి ఇది నీది కాదని రాసివ్వు" అనడం నావల్ల కాదు. చదువుతుంది కూడాను. వేలు పెట్టి, ప్రతి ముక్కా.

వద్దు, ఆ కాగితం ఉంచెయ్యండి. నేను రాలేదనుకోండి. తెల్లారితే బట్టీ దగ్గరికి పోతాను, తెచ్చింది రెండు వాటాలేస్తాను. రంజాన్ దాకా గడువుంది. తరవాత ఇన్సాఫ్ చెప్తే చెప్తుంది, ఏమో.

ఇప్పుడు నేను వెళ్ళగానే పనయిందా అని అడుగుతుంది. సిస్టం పడిపోయిందట అక్కా అంటాను. నా మాట నమ్మకపోతే లోపలికొచ్చి మిమ్మల్నే అడుగుతుంది, అలాంటి మనిషి. మీరూ అదే చెప్పండి మేడం. రోజూ ఎంతమందికో చెప్తూనే ఉంటారుగా, సిస్టం పడిపోయిందని. ఈ ఒక్కసారి పుణ్యానికి చెప్పండి.