డార్విన్ దాకా పోయిన బంతి

సిడ్నీ శివారు ద పాండ్స్‌లో జలీల్ వాళ్ళ గరాజ్ తలుపు పైకెత్తి ఉందంటే లోపల టీ పెట్టారని లెక్క. ఆ శనివారం మధ్యాహ్నం కూడా నలుగురు మడత కుర్చీలేసుక్కూర్చున్నారు. మర్నాడు పొద్దున ఏడింటికి పార్కులో టెన్నిస్ కోర్టు బుక్ చేసుంది. ఇంకో శివారు, ఎడ్మండ్‌సన్ పార్క్ వాళ్ళతో డబుల్స్. తీరా చూస్తే జలీల్ జోడీ వివేక్‌కి కాలు మడతపడి వాచింది. ఇంకో మనిషి పేరు సాయంత్రంలోగా వాళ్ళకి మెసేజ్ పెట్టాలి.

ఆ చోటు తనకి కావాలని శ్యామసుందరికి ఉంది. అరవైకి దగ్గరపడ్డ మనిషి, మొగుడు పోయి ఆరేళ్ళు, ఎవర్నీ ఏదీ అడిగే అలవాటు లేదు. వాళ్ళే పిలుస్తారేమోనని చూస్తోంది. ఈలోగా పక్క కుర్చీలోంచి కోటేశ్వరరావు అందుకున్నాడు.

“నేనున్నాగా జలీలూ. మొన్న బుధవారం అదే కోర్టులో ఒక తెల్లోడి సర్వీసు తిప్పికొట్టా. ఆరడుగుల మనిషి. గుడ్ షాట్ మేట్ అన్నాడు.”

“బాగుంది అంకుల్,” అన్నాడు జలీల్. అంతవరకు నమ్మేట్టుగానే ఉంది.

“బాగుండటం కాదయ్యా, విను. రెండోది వాడు గట్టిగా కొట్టాడు, నేనింకా గట్టిగా కొట్టా, నా దెబ్బకి బంతి మీద నూగంతా ఊడి గుండయిపోయింది, వాడు బెదిరిపోయి ఇంకో ముగ్గుర్ని పిలుచుకొచ్చాడు, అటు నలుగురు, ఇటు నేనొక్కణ్ణే. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“నలుగురూ ఓడిపోయారు,” అంది జలీల్ భార్య కుల్సుం, సమోసాల పళ్ళెం పెడుతూ.

“అప్పుడే ఓడితే ఇంకేముందమ్మా. బంతిని పైకి లేపా. అది పోయి పోయి పైన వెళ్తున్న విమానం రెక్క మీద కూచుంది. ఆ విమానం ఉత్తరాన చిట్టచివర ఉన్న డార్విన్‌కి పోయేది.”

“డార్విన్ నాలుగున్నర గంటలు అంకుల్,” అన్నాడు వివేక్, వాచిన కాలు ఇంకో కుర్చీ మీద సర్దుకుంటూ.

“నేననేదీ అదే. పాయింటు అవలేదు కదా, కోర్టులోంచి ఎవరూ కదలకూడదు. రాకెట్లు పట్టుకుని నించున్నాం. మధ్యలో నా పులిహోర డబ్బా తీసి నలుగురికీ పెట్టా. ఒకడు మిరపకాయ కొరికి నీళ్ళకి పోబోతే, ఆగరా, బంతొచ్చే టైమైందన్నా. తిరుగు విమానంలో వచ్చింది. తడిసి ముద్దయి వచ్చింది.”

“తడవడమేంటి?”

“డార్విన్‌లో వానాకాలం కదయ్యా,” అన్నాడు కోటేశ్వరరావు, ఆ మాత్రం తెలీదా అన్నట్టు. “నీళ్ళు కారుతున్న బంతిని ఒక్కటి పీకా. గీత మీద పడి కోర్టు బీటలిచ్చింది. కౌన్సిల్ వాళ్ళొచ్చి, పూడ్చకండి, గుర్తుగా ఉండనీండి అన్నారు.”

జలీల్ నవ్వుతూనే ఫోను తీసి కోటేశ్వరరావు పేరు కొట్టడం మొదలెట్టాడు. ఇక ఊరుకుంటే పని కాదనుకుంది శ్యామసుందరి.

“అన్నయ్యగారూ, గేటు ఎలా తీశారు?”

“ఏ గేటమ్మా?”

“కోర్టుది. లోపలికెళ్ళారుగా.”

“అదేం పని చెల్లెమ్మా. గొళ్ళెం తీశా, తోశా, వెళ్ళా.”

వివేక్ సమోసా నమలడం ఆపాడు.

“దానికి గొళ్ళెం లేదు,” అంది శ్యామసుందరి. “బుక్ చేసినోళ్ళ ఫోనుకి నంబరొస్తుంది, అది నొక్కితేనే తెరుచుకుంటుంది. మీరు చూసింది కంచె బయట నుంచి.”

కోటేశ్వరరావు నింపాదిగా ఒక గుక్క టీ తాగాడు. “బయట నుంచైతేనే ఆట బాగా కనపడుద్దిలే,” అని అందరికన్నా ముందు తనే నవ్వాడు.

“నంబరు సంగతి మీకెలా తెలుసు ఆంటీ?” అన్నాడు జలీల్.

“మీ కుల్సుమూ నేనూ ప్రతి మంగళవారం ఆడతాం. ఎనిమిది నెలలైంది.”

జలీల్ భార్య వైపు చూశాడు. “నాకు చెప్పలేదేం?”

“మీరు అడగలేదు,” అంది కుల్సుం. “ఆంటీ మీకన్నా బాగా కొడతారు.”

జలీల్ ఫోనులో కొట్టింది చెరిపేశాడు. “రేపు ఏడింటికి వస్తారా ఆంటీ?”

“ఆరున్నరకే ఉంటా.”

“అయితే శ్యామసుందరి ఆంటీ అని పంపిస్తున్నా.”

“ఆంటీ తీసెయ్,” అంది శ్యామసుందరి. “అది చూస్తే వాళ్ళు మెల్లిగా కొడతారు.”