రెండువేల మీటర్ల సీసా

(సముద్రపు నీళ్ళు పరీక్షించే ల్యాబు. ఓడ మీంచి తాడుతో సీసాలు దించి నీళ్ళు పట్టుకొచ్చే బావ, ఆ నీళ్ళు పరీక్షించే మరదలు.)

"ఈ సీసా ఏ లోతుది బావా?"

"చీటీ మీద ఉందిగా. రెండువేల మీటర్లు."

"వాసన చూడు."

"నాకు జలుబు."

"చూడమంటే చూడు!"

"ఉప్పు వాసన. సముద్రం మల్లెపూల వాసన వేస్తుందా ఏంటి?"

"తడిగుడ్డ కంపు! పొద్దుట్నుంచీ నా చేతులకి అదే. ఛీ! పన్నెండు లోతుల్లో పట్టిన పన్నెండు సీసాల్లోనూ అదే. అయోడైడ్ కూడా పన్నెండింట్లోనూ ఒక్కలాగే ఉంది."

"మంచిదేగా?"

"మంచిదా! అయోడైడ్ ఎక్కువగా ఉండేది పైనీళ్ళలో. లోతుకి పోయేకొద్దీ అది దాదాపు కనిపించదు, అంతా అయోడేటే. రెండువేల మీటర్ల కింద ఇంత అయోడైడా?"

"అదీ అయోడినే, ఇదీ అయోడినే. ఎందుకంత రాద్ధాంతం?"

"మాట మార్చకు. తాడు దిగిందా, లేదా?"

"దిగింది... కొంచెం."

"ఎంత కొంచెం?"

"ఇరుక్కుంది పిల్లా! చక్రం తిరగలేదు. అలలు ఇంతెత్తున. అందరం వాంతులతో చస్తున్నాం. ఇక బక్కెట్టు పెట్టి..."

"ఏ బక్కెట్టు?"

"కడిగాలే."

"ఏ బక్కెట్టు బావా?"

"డెక్కు తుడిచేది."

"థూ! వాంతులు తుడిచిన బక్కెట్టా!"

"మూడుసార్లు కడిగా. మీ అక్క మీద ఒట్టు."

"మా అక్క పేరెత్తకు. నిన్ను చూస్తేనే రోత పుడుతోంది. రేపు పొద్దున్నే డైరెక్టర్‌కి చెప్పేస్తా."

"ఉద్యోగం ఊడుతుంది పిల్లా! అడుగు సీసాల అంకెలు నువ్వే కాస్త సర్దెయ్యరాదూ?"

"సర్దడమా! ఈసారి ప్రతి సీసాలో సగం పక్క ల్యాబుకి కూడా వెళ్ళింది. అయినా నేను అంకెలు సర్దే మనిషినా? పోయినేడాది నా గ్రాఫు చూడు, ఫ్రేము కట్టించి గోడకి పెట్టారు. పైన అయోడైడ్, కిందికెళ్తే అయోడేట్, గీసినట్టు వచ్చింది. దాంతోనే నాకు ప్రమోషన్. నీతిగా పనిచేస్తే అలా ఉంటుంది."

"పోయినేడాదీ నీళ్ళు పట్టింది నేనేగా."

"అప్పుడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని పట్టావు."

"అప్పుడు తాడు అసలు ఓడ దాటి దిగనేలేదు పిల్లా. పన్నెండూ పైనీళ్ళే. మరి నీ గ్రాఫు అంత చక్కగా ఎలా వచ్చిందా అని, ఏడాదిగా అడుగుదామనుకుంటున్నా."