చిలక వెంట వచ్చిన కన్ను

అందరూ బాగున్నారా? సంతాప సభలో ఇదేం పలకరింపు అనుకోకండి. ఒక మనిషి పోయాక ఉన్నవాళ్ళను అడక్కపోతే నాకు నిద్ర పట్టదు. రిసెప్షన్ అమ్మాయీ, దగ్గు తగ్గిందా? ఆ ఫ్యాను కింద నుంచి లే తల్లీ. అద్దాలు బిగించే పెద్దాయన గారూ, మోకాలు ఎలా ఉంది? మైకు వైరు మీ కాళ్ళ దగ్గరే ఉంది, లేచేటప్పుడు చూసుకోండి. వెనక వరసలో బడి మాస్టారూ, కళ్ళు ఎలా ఉన్నాయి? ముందు వరసలో తమ్ముడుగారూ, ఈ కళ్ళ ఆస్పత్రి మీది, పోయిన డాక్టరమ్మ మీ సొంత అక్క. మీకు బీపీ అని విన్నాను. మాత్ర వేసుకునే వచ్చారుగా? మీరు చల్లగా ఉండాలి. నేను చెప్పేదంతా మీరు వినాలి.

పెద్దలారా, తల్లులారా, నాకు చదువు తక్కువ. నేను చెబుతుంటే ఈ కాగితం నా మనవరాలు రాసింది. వరస తప్పకుండా రాసింది. ఆ వరసలు చూస్తుంటే నాకు డాక్టరమ్మే కనిపిస్తోంది.

ఆమెను పిల్లలు చిలక డాక్టరమ్మ అనేవాళ్ళు. పుల్ల చివర ఒక బొమ్మ చిలకను గుచ్చి, మెల్లగా అటూ ఇటూ తిప్పేది. పిల్ల కళ్ళు ఎలా కదులుతున్నాయో చూసేది. నా మనవరాలి మంచి కన్ను ఠక్కున వెళ్ళి చిలక మీద వాలేది. రెండో కన్నో? ఆలస్యంగా బయలుదేరేది. చిలకను దాటిపోయేది. వెనక్కి వచ్చేది. వాలినట్టే వాలి వణికేది. దాన్ని లేజీ ఐ అంటారని ఎవరో అంటే ఆమెకు ఒళ్ళు మండేది. "కన్ను బద్ధకించలేదమ్మా. మెదడే దాని మాట వినడం మానేసింది. మంచి కంటి నోరు కాసేపు మూయిస్తే, అప్పుడు దీని మాట వింటుంది" అనేది. అందుకే మంచి కంటికి పట్టీ.

నాకెంత భయమో. మెట్ల మీద పడుతుందేమో, రోడ్డు దాటలేదేమో, మూసి ఉంచితే ఆ మంచిది కూడా పాడైపోతుందేమో. అడిగిందే అడిగేదాన్ని. ఒక్కసారీ విసుక్కోలేదు. ఆమె కోపం ఖర్చు పెట్టే చోట్లు వేరే ఉన్నాయి.

నెలలు గడిచినా ఆ కంటి వణుకు తగ్గలేదు. డాక్టరమ్మ చిలకను పక్కన పెట్టి, పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బుజ్జగించి అడిగింది. అప్పుడు బయటపడింది. రోజూ బడికి వెళ్ళగానే మాస్టారు ఆ ఎలాస్టిక్ పట్టీని రెండో కంటి మీదకు జరిపేవారట. "చూపున్న కన్ను మూసుకుని ఎవరైనా చదువుతారా? బద్ధకం వేషాలు" అనేవారట. సాయంత్రం గేటు దగ్గర పిల్ల మళ్ళీ సరిగ్గా పెట్టుకుని ఇంటికి వచ్చేది. ఎవరికి చెబుతుంది పాపం? అమ్మమ్మకు చెబితే అమ్మమ్మ గుండె ఆగిపోతుందని భయం.

డాక్టరమ్మ ఏం చేసింది? ఫిర్యాదు పెట్టిందా? లేదు. ఒక కళ్ళజోడు తీసుకుంది. ఒక అద్దానికి నల్ల కాగితం అంటించింది, రెండోదానికి కాస్త జిడ్డు రాసింది. నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్ళింది. తరగతి నిండా పిల్లలుండగా మాస్టారికి తొడిగించి, పాఠం చదవమంది. మాస్టారు చదివిన వరసే మళ్ళీ చదివారు. ఒక వరస వదిలేశారు. వేలు పెట్టుకున్నారు. వేలూ జారింది. పిల్లలు నోళ్ళు మూసుకుని నవ్వారు, కొందరు మూసుకోలేదు. అప్పుడు ఆమె చాలా మర్యాదగా అంది: "ఇంకాస్త ప్రయత్నించండి మాస్టారూ, బద్ధకిస్తున్నారు."

తిరిగి వస్తూ, ఇంత పంతం ఎందుకమ్మా అన్నాను. "నాకు క్షమించడం రాదు పెద్దమ్మా. నేర్చుకునే తీరిక కూడా లేదు" అంది. ఆ తర్వాత పట్టీ జరగలేదు. ఇవాళ మాస్టారు సభకు వచ్చారు. తల దించుకున్నారు. ఉండనివ్వండి.

ఇక మీ సంగతి, తమ్ముడుగారూ. పోయిన ఏడాది పిల్లల కళ్ళు చూసే గదిలో అమ్మకానికి తెచ్చిన కళ్ళజోళ్ళ పెట్టెలు పేర్పించారు. గుర్తుందా? మీ అక్క కుర్చీ తెచ్చి మీ క్యాష్ కౌంటరు ముందు వేసుకుంది. మీ షోకేసుకు చిలకను వేలాడదీసింది. పట్టీలు కట్టుకున్న పిల్లలు చిలక వెంట చూస్తూ మీ గిరాకీల కాళ్ళకు అడ్డం పడ్డారు. ఒక పెద్దమనిషి కొత్త జోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటే, అందులో ముందు చిలకే కనిపించింది. వారం తిరగకుండా మీ పెట్టెలు మీరే మోసుకుపోయారు.

ఇప్పుడు ఆమె లేదు. గుండెపోటు అన్నారు, సరే. కానీ మర్నాడే ఆ గదికి తాళం ఎందుకు పడింది? కళ్ళజోళ్ళ షోరూం అద్దాలకు గోడలు కొలిచే మనిషి ఎందుకు వచ్చాడు? చిలకను అట్టపెట్టెలో ఎవరు పడేశారు? ఆ చేతులతోనే కదా ఇందాక ఫోటోకు దండ వేశారు?

నా మనవరాలికి ఇంకా పని మిగిలి ఉంది. ఇక్కడున్న పిల్లలందరికీ ఉంది. వయసు దాటితే ఆ కంటికి నేర్పడం కష్టమని మీ అక్కే చెప్పింది. ఆమె దగ్గర పని నేర్చుకున్న చిన్న డాక్టరమ్మ ఉంది, అదిగో. ఆమెకు కావాల్సింది ఆ గది, ఆ చిలక. నేను ప్రతిదానికీ భయపడే మనిషిని తమ్ముడుగారూ. కానీ ఆ గది పోతుందన్న భయం ముందు మీరంటే ఉన్న భయం చిన్నదైపోయింది. మీ అక్క నేర్చుకోనిది నేనూ నేర్చుకోలేదు.

ఇప్పుడు అందరూ లేవండి. పెద్దాయన గారూ, వైరు. రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడొద్దు. పెద్దవాళ్ళు ఫోటో వైపు చూడండి. పిల్లలు చూడరు. మంచి కన్ను చేత్తో మూసుకుని, ఆమె నిలబెట్టిన కంటితో మిమ్మల్ని చూస్తారు తమ్ముడుగారూ. కదలకండి. కదిలితే ఆ కన్ను మీ వెంటే వస్తుంది. రావడం దానికి ఆమె నేర్పింది.

మౌనం అయ్యాక నేను మళ్ళీ మైకు పట్టుకోను. అందుకే ఇప్పుడే చెబుతున్నాను, తాళంచెవి వెతికి పెట్టుకోండి. వచ్చే సోమవారం, పన్నెండో తారీఖు, పొద్దున పదింటికి, పిల్లలందరితో ఆ గదికి వస్తున్నాం.